ఆఫీసు ఫోన్లో 0 కొట్టి ఊళ్లో ల్యాండ్‌లైన్‌కి చేస్తే వెళ్తోంది, మొబైల్‌కి మాత్రం వెళ్లట్లేదు

మిర్చి_యార్డు
సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తుంటాను. కంప్యూటర్ ఫార్మాట్ చేయడం వచ్చని తెలిసినప్పటి నుంచి ఆఫీసులో కరెంటు వైరు తప్ప మిగతా వైర్లన్నీ నా నెత్తినే పడ్డాయి. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ బయటి లైన్లకి కలిపే పెట్టె) పిడుగుపాటుకి పోయింది. దాని బదులు ఒక చిన్న పీసీలో అదే పని చేసే ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేయించి, ఫైబర్ వాళ్ల దగ్గర సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద నడిచే బయటి లైను) తీసుకున్నాం. పెట్టినతను డబ్బులు తీసుకుని వెళ్లాడు, మళ్లీ ఫోన్ ఎత్తడు. ఎత్తుదామనుకున్నా మా ఆఫీసు ఫోన్ నుంచి ఆయన మొబైల్‌కి కాల్ వెళ్లదు, అదే కదా సమస్య.

22 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు), 101 నుంచి 122 దాకా. బయటి లైనుకి పాత అలవాటు ప్రకారం 0 పెట్టించాం. ఇప్పుడు జరుగుతున్నది ఇది:

0 కొట్టి గుంటూరు నంబర్ ఏడంకెలు కొడితే శుభ్రంగా వెళ్తుంది.
0 కొట్టి మొబైల్ పదంకెలు కొడితే, నంబర్‌కి ముందు సున్నా చేర్చండి అని రికార్డెడ్ గొంతు వస్తుంది.
సరే కదా అని 00 కొట్టి మొబైల్ కొడితే ఇంగ్లీషులో ఇంకో గొంతు, సర్క్యూట్లన్నీ బిజీ అంటుంది.
హైదరాబాద్ 040, విజయవాడ 0866 నంబర్లకి కూడా ఆ బిజీ గొంతే.

ప్రొవైడర్ వాళ్లు మా వైపు అంతా బాగానే ఉందంటున్నారు. సీజన్ నడుస్తోంది, రైతులూ కమీషన్ ఏజెంట్లూ అందరూ మొబైల్ మీదే ఉంటారు. ఆఫీసు మొత్తం సొంత సెల్‌ఫోన్లతో మాట్లాడుతోంది. రీఛార్జి డబ్బులు నన్నడుగుతున్నారు.

టెక్_తాతబ్బాయి
సోమవారం, ఉదయం 11:05

ప్రొవైడరే బాబూ. వాళ్లెప్పుడూ అంతా బాగానే ఉందంటారు. ట్రంక్ ఆపి మళ్లీ ఆన్ చేయి, పోకపోతే బాక్స్ మొత్తం రీస్టార్ట్ కొట్టు.

నీలిపెన్ను
సోమవారం, ఉదయం 11:31

తాతబ్బాయి గారూ, లోకల్ కాల్స్ వెళ్తున్నాయంటే ట్రంక్ బతికే ఉందని అర్థం. రీస్టార్ట్ వల్ల ఏమీ రాదు.

మిర్చి_యార్డు గారూ, మీరు చెప్పినదాంట్లో అసలు సంగతి ఆ రెండు గొంతులు. "సున్నా చేర్చండి" అన్నది టెలిఫోన్ కంపెనీ గొంతు. అంటే కాల్ మీ గోడ దాటి బయటికి వెళ్లింది, అక్కడ ఆగింది. "సర్క్యూట్లన్నీ బిజీ" అన్నది మీ సొంత పెట్టె గొంతు, ఫ్రీపీబీఎక్స్‌తో పాటే వచ్చే రికార్డింగ్. అంటే ఆ కాల్ అసలు గడప దాటలేదు. రెండూ ఒక జబ్బు కాదు.

కనెక్టివిటీ మెనూలో అవుట్‌బౌండ్ రూట్స్ (ఏ నంబర్ కొడితే కాల్ ఏ దారిన బయటికి వెళ్లాలో చెప్పే పట్టిక) తెరిచి, ఏ రూట్ పైన ఉంది ఏది కింద ఉంది, ఒక్కోదాంట్లో డయల్ ప్యాటర్న్స్ ఏమున్నాయి, ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి. వరుస ముఖ్యం. ట్రంక్ పాస్‌వర్డ్, మీ నంబర్ మాత్రం రాయకండి.

మిర్చి_యార్డు
సోమవారం, మధ్యాహ్నం 12:15

థాంక్స్ మేడమ్. మూడే ఉన్నాయి.

మొదటిది "ఐఎస్‌డీ బ్లాక్". ప్రిఫిక్స్ గడి ఖాళీ. మ్యాచ్ ప్యాటర్న్ గడిలో 00 పెట్టి పక్కన చుక్క. ట్రంక్ దగ్గర "డమ్మీ" అని ఉంది.

రెండోది "అవుట్". ప్రిఫిక్స్ 0. మ్యాచ్ ప్యాటర్న్ ఎక్స్, పక్కన చుక్క. ట్రంక్ మా ఫైబర్ వాళ్లది.

మూడోది "ఎమర్జెన్సీ". ప్రిఫిక్స్ లేదు. 100, 101, 108, 112.

ప్రీపెండ్, కాలర్ ఐడీ గడులు అన్నిట్లోనూ ఖాళీ.

నీలిపెన్ను
సోమవారం, మధ్యాహ్నం 12:52

దొరికింది.

ఫ్రీపీబీఎక్స్ రూట్లని పై నుంచి కిందికి చూస్తుంది. మొదట సరిపోయినది పట్టుకుంటుంది. ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏ అంకె అయినా. చుక్క అంటే ఆ తర్వాత ఒకటో అంతకన్నా ఎక్కువో, ఏమున్నా సరే. ప్రిఫిక్స్ గడిలో రాసినది సరిపోయిందా అని చూసి, బయటికి పంపేముందు కోసేస్తుంది.

ఇప్పుడు మీవాళ్లు 00 కొట్టి మొబైల్ కొడతారు. మొదటి సున్నా బయటి లైను కోసం, రెండోది నెట్‌వర్క్ కోసం. మనకి ఆ తేడా తెలుసు. పెట్టెకి కనిపించేది మాత్రం 00తో మొదలయ్యే పన్నెండంకెలు. మొదటి రూట్ "00, చుక్క" కాబట్టి ఇది ఐఎస్‌డీ అనుకుని ఎటూ వెళ్లని ఆ డమ్మీ ట్రంక్‌లోకి తోసేసింది. 0 కొట్టి 040 కొట్టినా 0040 అవుతుంది, అదే గతి. పెట్టినతను ఐఎస్‌డీ అంటే 00 అని ఇంట్లో ఫోన్ లెక్క వేసుకున్నాడు. మీ ఆఫీసులో ఐఎస్‌డీ అంటే 000. బయటి సున్నా ఒకటి ముందు ఉంటుందన్న సంగతి మర్చిపోయాడు.

ఇక ఒక్క సున్నాతో మొబైల్ కొడితే రెండో రూట్‌కి వస్తుంది. అక్కడ ప్రిఫిక్స్ 0 కోసేసి వట్టి పదంకెలు బయటికి పంపుతుంది. ల్యాండ్‌లైన్ నుంచి వట్టి పదంకెల మొబైల్‌ని నెట్‌వర్క్ తీసుకోదు. అందుకే ఆ గొంతు.

ప్యాటర్న్స్ సాయంత్రం రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

పాత_లైన్‌మాన్
సోమవారం, మధ్యాహ్నం 2:20

అమ్మాయి చక్కగా చెప్పింది. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన వాణ్ని కాబట్టి ఆ రెండు సున్నాల కథ కొంచెం చెబుతాను.

ఒకప్పుడు ల్యాండ్‌లైన్ నుంచి మన సర్కిల్ మొబైల్‌కి కొట్టాలంటే సున్నా అక్కర్లేదు, పదంకెలు చాలు. వేరే సర్కిల్ మొబైల్ అయితేనే ముందు 0. ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కైనా 0 తప్పనిసరి అన్నది 2021 జనవరి 15న వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 మే నెలలో సిఫారసు చేస్తే టెలికాం శాఖ ఆ తేదీ పెట్టింది. మొబైల్ నంబర్లకి చోటు చాలడం లేదు, ఇలా చేస్తే దాదాపు 254 కోట్ల కొత్త నంబర్లకి వీలొస్తుంది అన్నది వాళ్ల లెక్క.

ఆ రోజు కనుమ. శుక్రవారం. మన ఆఫీసులు చాలావరకు మూసే ఉన్నాయి. సోమవారం తెరిచాక మొదలైంది పండగ. పాత ఈపీఏబీఎక్స్‌లున్న ప్రతి ఆఫీసు నుంచీ "మీ లైను చెడిపోయింది" అని కంప్లయింట్లే. లైను చెడలేదు నాయనా, లోకం మారింది, నీ పెట్టె మారలేదు అని ఎన్నిచోట్ల చెప్పానో. ఆ వారం నేను తాగిన టీలకి లెక్కలేదు.

ఓరుగల్లు_వైరు
సోమవారం, సాయంత్రం 5:48

బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా హనుమకొండలో ఒక బడి. అక్కడ పాత ఈపీఏబీఎక్స్‌లో స్టాఫ్‌రూమ్ ఫోన్లకి ఎస్‌టీడీ లాక్ వేసి ఉండె. లాక్ అంటే ఏముంది, టోల్ కంట్రోల్ పట్టికలో "0తో మొదలైతే ఆపు" అని ఒక్క లైను. లోకల్ మొబైల్స్‌కి సున్నా అవసరం లేని రోజుల్లో అది భేషుగ్గా పనిచేసింది. కనుమ తెల్లారి నుంచి స్టాఫ్‌రూమ్ ఫోన్‌కి ఒక్క పేరెంట్ దొరకలేదు.

ప్రిన్సిపల్ రూమ్‌లో మాత్రం లాక్ లేదు, అక్కడి నుంచి అన్నీ పోతున్నయ్. టీచర్లేమో ప్రిన్సిపల్ కావాలనే బంద్ చేయించిండని గుసగుసలు. నేను పోయి పట్టిక తెరిచి, అనుమతించే వరుసలో 06, 07, 08, 09 రాసిన. పావుగంట పని. అయితే 08 అనుమతించితే మన రెండు రాష్ట్రాల ఎస్‌టీడీలు ఎక్కువ దానితోనే వెళ్తాయి, వరంగల్ 0870, గుంటూరు 0863, విశాఖ 0891. లాక్ ఉన్నట్టే ఉండి లేనట్టు. ఇప్పుడు ఎస్‌టీడీకి వేరే రేటు ఎవరు కడుతున్నరు గనుక, ప్రిన్సిపల్ సారు కూడా పట్టించుకోలే.

నీలిపెన్ను
సోమవారం, రాత్రి 9:10

ప్యాటర్న్స్. పాత మూడు రూట్లూ తీసేయండి, వాటిలో ఏముందో పైన రాశారు కాబట్టి భయం లేదు. కొత్తవి ఈ వరుసలో పెట్టండి.

మొట్టమొదట ఎమర్జెన్సీ. దాని గురించి విడిగా మాట్లాడాలి, రేపు.

తర్వాత టోల్‌ఫ్రీ. ప్రిఫిక్స్ 0, మ్యాచ్ ప్యాటర్న్ 1800 తర్వాత ఆరు ఎక్స్‌లు. ఇంకో వరుసలో 1800 తర్వాత ఏడు ఎక్స్‌లు. రెండు రకాల పొడవులూ ఉన్నాయి కాబట్టి రెండూ కావాలి. 1860కి కూడా అలాగే.

తర్వాత "ఇండియా". ప్రిఫిక్స్ 0, మ్యాచ్ ప్యాటర్న్ 0, ఆ పక్కన జెడ్, ఆ తర్వాత తొమ్మిది ఎక్స్‌లు. జెడ్ అంటే 1 నుంచి 9, సున్నా కాదు. మన దేశంలో ఎస్‌టీడీ కోడ్‌తో కలిపి ల్యాండ్‌లైన్ అయినా మొబైల్ అయినా సున్నా తర్వాత పదంకెలే. కాబట్టి ఒక్క ప్యాటర్న్‌తో దేశమంతా వచ్చేస్తుంది. రెండో అంకె సున్నా కాకూడదు అన్నాం గనక ఐఎస్‌డీ ఇందులో దూరలేదు. బ్లాక్ చేయడానికి వేరే రూటే అక్కర్లేదు. దారి లేని కాల్ దానంతటదే ఆగిపోతుంది.

తర్వాత లోకల్. ప్రిఫిక్స్ 0, మ్యాచ్ ప్యాటర్న్ ఎన్, ఆరు ఎక్స్‌లు. ఎన్ అంటే 2 నుంచి 9. మీది ఏడంకెల ఊరు. హైదరాబాద్‌లో చదివేవాళ్లు ఏడు ఎక్స్‌లు పెట్టుకోండి, అక్కడ ఎనిమిదంకెలు.

చివరగా, అలవాటు మార్చుకోలేని వాళ్ల కోసం ఒక రూట్. ప్రిఫిక్స్ ఖాళీగా వదిలి, మ్యాచ్ ప్యాటర్న్‌లో 0, ఎన్, తొమ్మిది ఎక్స్‌లు. ఎవరైనా ఒక్క సున్నాతో మొబైల్ కొడితే ఆ సున్నా కోయకుండా యథాతథంగా పంపేస్తుంది. నెట్‌వర్క్‌కి కావలసింది కూడా అదే. ఇక్కడ జెడ్ పెట్టొద్దు, ఎన్ పెట్టండి. జెడ్ పెడితే 0 కొట్టి 1800తో మొదలయ్యే పదంకెల టోల్‌ఫ్రీ కొట్టినప్పుడు అది కూడా ఈ ఆకారంలోనే ఉంటుంది, రూట్ల వరుస కాస్త అటూ ఇటూ అయితే తప్పుదారి పడుతుంది. దీనివల్ల ఢిల్లీ 011కి మాత్రం రెండు సున్నాలూ కొట్టాల్సిందే. మీకు ఢిల్లీ కాల్స్ ఎన్ని ఉంటాయో తెలియదు.

ఇంకో మాట. "ఎక్స్, చుక్క" అనే రూట్‌ని మళ్లీ ఎప్పుడూ పెట్టొద్దు. అది తలుపు కాదు, గోడకి కన్నం.

అన్నీ రాశాక పైన ఎర్రగా కనిపించే అప్లై కాన్ఫిగ్ నొక్కడం మర్చిపోకండి. అది నొక్కకుండా రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

టెక్_తాతబ్బాయి
సోమవారం, రాత్రి 9:44

నాకొకటి అర్థం కాదు. ఇంత యాతన ఎందుకు? బయటి లైనుకి సున్నా అన్నదే తీసేయొచ్చుగా? ఐపీ ఫోన్లలో నంబర్ అంతా ఒకేసారి వెళ్తుంది. మూడంకెలైతే లోపల, అంతకన్నా ఎక్కువైతే బయటికి. మొబైల్‌లో ఎవరైనా బయటి లైనుకి సున్నా కొడుతున్నారా?

పాత_లైన్‌మాన్
సోమవారం, రాత్రి 10:15

తాతబ్బాయీ, నువ్వన్నది తప్పు కాదు. కొత్త ఆఫీసైతే నేనూ అలాగే పెట్టమంటాను. కానీ పాత ఆఫీసులో పాత చేతులుంటాయి.

ఆ సున్నా ఎందుకొచ్చిందో చూడు. పాత ఈపీఏబీఎక్స్‌లో పది ఫోన్లకి రెండో మూడో బయటి లైన్లుండేవి. 0 కొడితే పెట్టె ఖాళీగా ఉన్న లైనొకటి పట్టుకుని నీ చేతికిచ్చేది. అప్పుడు ఎక్స్చేంజి టోన్ వినిపించేది, పెట్టె టోన్‌కీ దానికీ తేడా ఉండేది. ఆ టోన్ వచ్చిందంటే లైను దొరికినట్టు, రాకపోతే ఎంగేజ్. సున్నా అంటే అంకె కాదురా, లైను అడగడం.

ఇప్పుడు ఆ టోన్ రాదు. మిర్చి_యార్డు బాబూ, మీ వాళ్లలో ఎవరైనా 0 కొట్టి, టోన్ కోసం ఎదురుచూసి, రాలేదని పెట్టేస్తున్నారా చూడు.

మిర్చి_యార్డు
మంగళవారం, ఉదయం 10:20

బాబాయ్, మీరు మా ఆఫీసులో కూర్చుని చూసినట్టే చెప్పారు. మా పెద్ద గుమస్తా గారు నిన్నటి నుంచి సరిగ్గా అదే చేస్తున్నారు. 0 కొట్టి, రిసీవర్ చెవికి పెట్టుకుని, గోడ వైపు చూస్తూ నిలబడతారు. "లైను రావట్లేదయ్యా" అంటారు.

మేడమ్ ఇచ్చిన ప్యాటర్న్స్ పెట్టాను. అప్లై నొక్కాను. మొదటి కాల్ నా మొబైల్‌కే చేసుకున్నాను. జేబులో మోగింది. మా ఆఫీసు నంబర్ కనిపించింది. హైదరాబాద్, విజయవాడ వెళ్తున్నాయి. చాలా చాలా థాంక్స్!

ఆ టోన్ తెప్పించడానికి ఏదైనా ఉందా?

నీలిపెన్ను
మంగళవారం, ఉదయం 11:02

ఫోన్‌ని బట్టి ఉంటుంది. చాలా ఐపీ ఫోన్లకి తమ సొంత డయల్ ప్లాన్ సెట్టింగ్ ఉంటుంది. కొన్నిట్లో 0 తర్వాత కామా పెడితే రెండో టోన్ వినిపిస్తాయి. పాత అనలాగ్ ఫోన్లని కార్డు ద్వారా నేరుగా ఆస్టరిస్క్‌కి (ఫ్రీపీబీఎక్స్ లోపల నడిచే అసలు ప్రోగ్రామ్) కలిపితే ఇగ్నోర్‌ప్యాట్ అని ఒక సెట్టింగ్ ఉంది, 0 కొట్టినా డయల్ టోన్ ఆగదు. మీ ఫోన్ మోడల్ మాన్యువల్ చూడండి. లేదంటే పెద్ద గుమస్తా గారికి నంబర్ మొత్తం కొట్టాకే రిసీవర్ ఎత్తమని నేర్పండి. అదే సులువు.

డాలస్_నుంచి
మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఈ థ్రెడ్ చదివి ఊరుకోలేకపోయాను. ఎమర్జెన్సీ నంబర్ల సంగతి రేపు మాట్లాడదాం అని అక్క వదిలేశారు. అది రేపటికి వదిలే విషయం కాదు.

అమెరికాలో బయటి లైనుకి చాలాచోట్ల 9. 2013 డిసెంబరులో టెక్సస్‌లోని మార్షల్ అనే ఊళ్లో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడని హత్య చేశారు. పక్కనే ఉన్న తొమ్మిదేళ్ల కూతురు గదిలో ఫోన్ నుంచి 911 నాలుగుసార్లు కొట్టింది. వెళ్లలేదు. ముందు 9 కొట్టాలని ఆ పిల్లకేం తెలుసు? ఆ తర్వాతే కారీస్ లా అనే చట్టం వచ్చింది. 2018 ఫిబ్రవరిలో సంతకమైంది, 2020 ఫిబ్రవరి 16 నుంచి అమల్లోకొచ్చింది. అప్పటి నుంచి కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్లన్నిట్లోనూ ఏ అంకె ముందు లేకుండా 911 నేరుగా వెళ్లాలి. కొట్టగానే రిసెప్షన్ డెస్క్‌కో సెక్యూరిటీకో ఒక కబురు కూడా అందేలా పెట్టాలి.

దానికి తిరగబడ్డ తంటా కూడా ఉంది. 9 బయటి లైనుకి, 1 ఎస్‌టీడీ లాంటి దానికి. వేలు తడబడి 1 రెండుసార్లు పడిందంటే 911కి వెళ్లిపోతుంది. నేను మొదటి ఉద్యోగంలో అలా ఒకసారి పోలీసులని పిలిచాను. అందుకే కొన్ని కంపెనీలు బయటి అంకెని 9 నుంచి 8కి మార్చేశాయి.

సరే, మీ సంగతి. ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి 122 అన్నారు. 101 ఫైర్. 108 అంబులెన్స్. 112 అన్నిటికీ కలిపి. మీ 108 ఎవరిది అన్నా?

మిర్చి_యార్డు
మంగళవారం, మధ్యాహ్నం 1:58

108 నాదే.

101 ఎండీ గారు. 112 గేటు దగ్గర వాచ్‌మన్ కేబిన్.

ఎవరికైనా గుండెపోటు వచ్చి 108 కొడితే నా టేబుల్ మీద మోగుతుందన్నమాట. నాకు చెమటలు పట్టాయి.

నీలిపెన్ను
మంగళవారం, మధ్యాహ్నం 2:25

అవును, ఫ్రీపీబీఎక్స్‌లో లోపలి ఎక్స్‌టెన్షన్‌కే మొదటి హక్కు. ఎమర్జెన్సీ రూట్ ఎంత పైన పెట్టినా 108 అనే ఎక్స్‌టెన్షన్ ఉన్నంతకాలం కాల్ దానికే వెళ్తుంది. అందుకే నిన్న విడిగా మాట్లాడాలి అన్నాను. డాలస్ తమ్ముడు అన్నట్టు నిన్ననే చెప్పాల్సింది, నాదే తప్పు.

ఇవాళే నంబర్లు మార్చండి. 201 నుంచి 222. లోకల్ నంబర్లు కూడా 2తోనే మొదలైనా ఇబ్బంది లేదు, వాటి ముందు 0 ఉంటుంది. 100, 101, 108, 112 రూట్ అన్నిటికన్నా పైన పెట్టి, ఎమర్జెన్సీ అన్న టిక్ వేయండి. ప్రిఫిక్స్ గడి ఖాళీగా. కంగారులో అలవాటుగా 0 కొట్టి 108 కొట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి ప్రిఫిక్స్ 0 పెట్టి ఇంకో నాలుగు వరుసలు.

పెట్టాక ఊరికే కొట్టి చూడకండి. ఈ నంబర్లు మీ ట్రంక్ మీద నడుస్తాయా, ఏ ఊరి కంట్రోల్ రూమ్‌కి వెళ్తాయి అని ప్రొవైడర్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు రాతలో తీసుకోండి. టెస్ట్ ఎలా చేయాలో కూడా వాళ్లనే అడగండి. కరెంటు పోతే ఆ పీసీ ఆగిపోతుంది, ఫోన్లన్నీ చచ్చిపోతాయి. యూపీఎస్ ఉందా?

పాత_లైన్‌మాన్
మంగళవారం, మధ్యాహ్నం 3:10

101 నుంచి మొదలుపెట్టడం పెట్టెలు పెట్టేవాళ్ల పాత అలవాటు. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలో 108 వచ్చేదాకా ఆ అంకెని ఎవరు పట్టించుకున్నారు. 101 మీద ఫైరింజను అప్పటికే ఉంది, అయినా పెట్టేవాళ్లు. ముందు 0 కొడితే గానీ బయటికి పోదు కదా అన్న ధీమా. ఆ ధీమా మంటలంటుకున్నప్పుడు ఉండదు.

వంటగది_వైఫై
మంగళవారం, సాయంత్రం 4:02

గుంటూరులో మా బావమరిది ఇలాంటివన్నీ చేస్తాడు. ఆయన నంబర్ (నిర్వాహకుడు తొలగించారు). వెయ్యి రూపాయలకి అన్నీ సెట్ చేస్తాడు.

నిర్వాహకుడు
మంగళవారం, సాయంత్రం 4:20

వ్యక్తిగత ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. మీ బావమరిదిదైనా సరే.

ఓరుగల్లు_వైరు
మంగళవారం, సాయంత్రం 6:35

అన్నా, ఐఎస్‌డీ ఎవరికీ ఇయ్యకు, ఇస్తే ఆలోచించి ఇయ్యి. నేను చూసిన ఒక ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్. 105కి 105. పెట్టె నేరుగా ఇంటర్నెట్ మీద ఉంది. శనివారం రాత్రి ఎవరో దూరిండ్రు. సోమవారం పొద్దున ఓనర్ వచ్చేదాకా పేరు కూడా తెలియని దేశాలకి కాల్స్ పోతనే ఉన్నయ్. బిల్లు చూసి ఓనర్ అక్కడే కూర్చుండిపోయిండు. ప్రొవైడర్ ఏమంటడు? కాల్స్ మీ ట్రంక్ నుంచే పోయినయ్, మీరే కట్టాలె.

మిర్చి_యార్డు
మంగళవారం, రాత్రి 8:15

మాకు ఐఎస్‌డీ కొంచెం అవసరమే. ఎక్స్‌పోర్ట్ చూసే ఇద్దరు శ్రీలంక, సింగపూర్ పార్టీలతో మాట్లాడతారు. వాళ్లిద్దరికే ఇవ్వొచ్చా?

నీలిపెన్ను
మంగళవారం, రాత్రి 9:30

ఇవ్వొచ్చు. కొత్త రూట్, ప్రిఫిక్స్ 0, మ్యాచ్ ప్యాటర్న్ 0065 తర్వాత చుక్క, 0094 తర్వాత చుక్క. దేశాలు తెలిసినప్పుడు ప్రపంచమంతా తెరవడం ఎందుకు. కాలర్ ఐడీ గడిలో ఆ ఇద్దరి ఎక్స్‌టెన్షన్లు రాయండి, ఒక్కోదానికి ఒక్కో వరుస. మిగతావాళ్లు కొడితే ఈ రూట్ సరిపోదు. ప్రొవైడర్‌తో కూడా మాట్లాడి మిగతా దేశాలు వాళ్ల వైపే మూయించండి. పాస్‌వర్డ్‌లు మార్చండి. పెట్టెని బయటి నుంచి ఎవరూ చేరలేకుండా రూటర్ వెనక, ఫైర్‌వాల్ వెనక పెట్టండి, ప్రొవైడర్ ఐపీకి మాత్రమే దారివ్వండి.

సింగపూర్‌కి కాల్ చేసే మీవాళ్లకి ఒక హెచ్చరిక చెప్పండి. అక్కడి నంబర్ 65, తర్వాత ఎనిమిదంకెలు. మొత్తం పది. మీ ఎక్స్‌పోర్ట్ ఆయన బయటి సున్నా మర్చిపోయి 0065తో మొదలుపెట్టాడనుకోండి. పెట్టె మొదటి సున్నా కోస్తుంది. మిగిలింది 0, 65, ఎనిమిదంకెలు. అచ్చం మన మొబైల్ ఆకారం. "ఇండియా" రూట్ పట్టుకుని పంపేస్తుంది. 65తో మొదలయ్యే నంబర్ ఇక్కడ ఎవరికైనా ఉంటే వాళ్లకి మోగుతుంది. శ్రీలంకకి ఈ గొడవ లేదు, ఒక అంకె ఎక్కువ.

డాలస్_నుంచి
మంగళవారం, రాత్రి 9:52

అక్కా, ఇది నేను పదేళ్లుగా ఈ పనిలో ఉండి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. నోట్ చేసుకున్నా.

మిర్చి_యార్డు
శుక్రవారం, సాయంత్రం 5:40

అప్‌డేట్. నంబర్లన్నీ 201 నుంచి 222కి మార్చాను. ప్రొవైడర్ నుంచి ఈమెయిల్ జవాబు వచ్చింది, ఎమర్జెన్సీ నంబర్లు మా ట్రంక్ మీద నడుస్తాయట. టెస్ట్ కూడా వాళ్ల మనిషి ఎదురుగానే చేయించాం. యూపీఎస్ తెప్పించాం. పాస్‌వర్డ్‌లు మార్చాను.

రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, 217 నుంచి మాత్రం బయటికి ఏ కాల్ చేసినా వెంటనే కట్ అవుతోంది. లాగ్‌లో 403 (అనుమతి లేదు) అని ఉంది.

రెండోది గేటు దగ్గర. వాచ్‌మన్ తాత లారీ డ్రైవర్ల నంబర్లు చిన్న చీటీల మీద రాసుకుంటాడు. కళ్లజోడు తీసి, చీటీ లైటు దగ్గర పెట్టి, రెండంకెలు చూస్తాడు, కొడతాడు. మళ్లీ చీటీ. ఆరో అంకెకి వచ్చేసరికి ఫోనే కాల్ పంపేస్తోంది. తప్పు నంబర్ అంటోంది. పాత పెట్టెకి ఈ తొందర లేదు.

నీలిపెన్ను
శుక్రవారం, సాయంత్రం 6:20

217 సెట్టింగ్స్‌లో అవుట్‌బౌండ్ సీఐడీ (అవతలివాళ్లకి కనిపించే నంబర్) గడిలో ఎవరో వేరే నంబర్ రాసి ఉంటారు, చూడండి. మీకు కేటాయించిన నంబర్ తప్ప ఇంకేది కనిపించినా చాలామంది ప్రొవైడర్లు 403తో తిప్పి పంపేస్తారు. ఆ గడి ఖాళీ చేయండి. ట్రంక్ సెట్టింగ్స్‌లో సీఐడీ ఆప్షన్స్ దగ్గర ఫోర్స్ ట్రంక్ సీఐడీ పెడితే ఇంకెప్పుడూ ఈ గొడవ రాదు.

తాత గారి ఫోన్‌లో వెబ్ పేజీ తెరిచి ఇంటర్ డిజిట్ టైమౌట్ (తర్వాతి అంకె కోసం ఫోన్ ఆగే సమయం) చూడండి. నాలుగు సెకన్లుంటే పదిహేను చేయండి. లేదా రిసీవర్ ఎత్తకుండా నంబరంతా కొట్టి, సరిచూసుకుని, అప్పుడు ఎత్తమనండి.

మిర్చి_యార్డు
సోమవారం, మధ్యాహ్నం 12:05

217లో పాత పెట్టె నాటి నంబర్ ఎవరో రాసిపెట్టారు. తీసేశాను, వెళ్తోంది. తాత ఫోన్‌లో పదిహేను పెట్టాను. ఇప్పుడు చీటీ చూసుకుంటూ నింపాదిగా కొడుతున్నాడు.

ఒక్కటి మాత్రం మనం ఎవరం అనుకోలేదు. ఇవాళ పొద్దున పెద్ద గుమస్తా గారు ఎండీ గారితో మాట్లాడాలని పాత అలవాటుగా 101 కొట్టారు. అటువైపు ఎవరో ఎత్తి "చెప్పండి, ఎక్కడ మంట?" అన్నారట. ఈయన "మంటేంటి, ఎండీ గారున్నారా?" అన్నారట. వాళ్లు ఇంకోసారి అడిగారు, ఈయన ఇంకోసారి అడిగారు. మూడోసారికి నేను పరుగున వెళ్లి రిసీవర్ లాక్కుని క్షమాపణ చెప్పాను.

పాత_లైన్‌మాన్
సోమవారం, మధ్యాహ్నం 12:30

హహ్హహ్హ! టెస్ట్ కాల్ బాగానే అయిందిగా.

నీలిపెన్ను
సోమవారం, మధ్యాహ్నం 12:48

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఆయన ఫోన్ మీద పక్కన బటన్లు ఉంటాయిగా, ఒకదానికి 201 పెట్టి "ఎండీ" అని కాగితం అంటించండి. ఇంకోదానికి మీ 208. ఆయన్ని అంకెల జోలికే వెళ్లనివ్వకండి.

మిర్చి_యార్డు
సోమవారం, మధ్యాహ్నం 3:15

పెట్టేశాను. "ఎండీ", "అకౌంట్స్", "గేటు", మూడు బటన్లు. నాలుగోది ఖాళీగా ఉందేమిటయ్యా అని అడిగారు. ఏం కావాలి సార్ అన్నాను. కాసేపు ఆలోచించి, "టీ" అన్నారు. క్యాంటీన్ 219 పెట్టాను.